ఇల్లు కొనేవాళ్లకు చూపించే ముందు కొనే సరుకులు: ఏది పనిచేస్తుంది, ఏది దండగ

ఇల్లు అమ్మాలనుకోగానే చాలామంది ముందు దుకాణానికి వెళ్తారు. టచప్ పెయింటు డబ్బా, మరకలు తీసే స్పాంజి, గ్రౌట్ పెన్ను (టైల్స్ సందుల్లోని పూతకు, అంటే గ్రౌట్‌కు, రంగు వేసేది), సిలికాన్ ట్యూబు, రూమ్ ఫ్రెషనర్, ఒక్కొక్కటే బుట్టలో పడుతుంది. వీటిలో కొన్ని బంగారంలాంటి సరుకులు. కొన్ని మాత్రం ఉన్న లోపాన్ని ఇంకాస్త ఎత్తిచూపుతాయి. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు చుట్టాల్లా వచ్చి సోఫాలో కూర్చోరు. గోడ మీద అరచెయ్యి ఆనించి చూస్తారు, సింకు కింద తలుపు తీస్తారు, కుళాయి తిప్పుతారు, కిటికీ పక్కన నిలబడి గోడను ఏటవాలుగా చూస్తారు. అందుకే ఈ సమీక్షలో ప్రతి సరుకునూ ఒకే ప్రశ్న అడిగాం: లోపాన్ని తీసేస్తుందా, కప్పిపెడుతుందా? కప్పిపెట్టేవాటికి మా దగ్గర మార్కులు తక్కువే పడ్డాయి.

ఎల్‌ఈడీ బల్బులు: ముందు వీటినే కొనండి

పెట్టిన ఖర్చుకు ఇంత ఫలితమిచ్చే సరుకు మరొకటి లేదు. కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు (వెలుతురు ఎంతో చెప్పే కొలత) చూడండి. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు వెలుతురు సుమారు 800 ల్యూమెన్లు. వెలుతురు రంగును కెల్విన్లలో చెబుతారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలి తెలుపు. హాల్లో, పడగ్గదుల్లో 2700 నుంచి 3000 కెల్విన్, వంటింట్లో, బాత్రూములో 4000 కెల్విన్ బాగుంటాయి. 6500 కెల్విన్ బల్బు గోడలకు నీలి ఛాయ తెస్తుంది, గది ఆసుపత్రి వరండాలా కనిపిస్తుంది.

ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. ఒకే గదిలో ఒక బల్బు పసుపుగా, ఒకటి తెల్లగా ఉంచేస్తారు. కంటికి అది పెద్దగా తెలియదు, కన్ను సర్దుకుపోతుంది. కెమెరా సర్దుకోదు. ఫొటోలో ఒక గోడ పసుపుగా, పక్క గోడ నీలంగా పడుతుంది, అసలు పెయింటు రంగేమిటో ఎవరికీ అర్థం కాదు. అందుకే గదికి సరిపడా బల్బులన్నీ ఒకే కంపెనీవి, ఒకే కెల్విన్‌వి కొనాలి. డబ్బా మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 అనో అంతకన్నా ఎక్కువనో ఉంటే మరీ మంచిది. సీఆర్‌ఐ 80 బల్బు కింద చెక్క తలుపుల ఎరుపు ఛాయ వెలవెలబోతుంది. డిమ్మర్ ఉన్న స్విచ్చికి ‘డిమ్మబుల్’ అని రాసి ఉన్న బల్బే పెట్టాలి, లేకపోతే మినుకుమినుకుమంటుంది. మినుకుమనే బల్బును చూస్తే కొనేవాళ్లు వైరింగును అనుమానిస్తారు.

టచప్ పెయింటు, లప్పం

దీని మీద మా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. ‘పాత షేడ్ నంబరు నా దగ్గరుంది, మచ్చ ఉన్నచోట కాస్త రాస్తే సరిపోతుంది’ అనే ధీమా చాలా గోడల్ని పాడుచేసింది. నంబరు అదే, గోడ మీది రంగు మాత్రం అది కాదు. కొన్నేళ్ల ఎండకు, వంట పొగకు, తడిగుడ్డ తుడుపులకు పాత పూత వెలిసి ఉంటుంది. పైగా మెరుపులో తేడా. మెరుపు లేని మ్యాట్ గోడ మీద టచప్ కొంతవరకు కలిసిపోతుంది. సాటిన్, గ్లాసీ లాంటి మెరిసే పూతల మీద కలవదు, ఎదురుగా చూస్తే కనిపించకపోయినా పక్కనుంచి చూస్తే అతుకు బయటపడుతుంది.

మేకు రంధ్రం పూడ్చడం చిన్న పనే, కానీ దాన్ని తొందరలో చెడగొట్టడం చాలా తేలిక. మేకు పీకగానే రంధ్రం అంచు చిన్న గట్టులా పైకి లేచి ఉంటుంది. దాని మీదే లప్పం పెడితే మొటిమలా నిలబడిపోతుంది. ముందు చాకు పిడితో ఆ గట్టును లోపలికి నొక్కాలి. తర్వాత లప్పం గోడ మట్టం కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా పెట్టాలి, ఆరేకొద్దీ అది కుంగుతుంది. లోతు 3 మిల్లీమీటర్లు దాటితే రెండు విడతలుగా నింపాలి, ఒకేసారి కూరితే మధ్యలో చీలుతుంది. పూర్తిగా ఆరాక 180 నంబరు గరుకు కాగితంతో, ఆపైన 240తో రుద్ది, దుమ్ము తుడిచేయాలి.

ఇక్కడే అసలు తప్పు జరుగుతుంది. లప్పం మీద నేరుగా పెయింటు వేస్తారు. లప్పం పెయింటును స్పాంజిలా పీల్చుకుంటుంది, చుట్టూ ఉన్న పాత పూత పీల్చుకోదు. ఆరాక ఆ చోటు కళ తప్పి మసకగా మిగులుతుంది. ఎన్ని పూతలు వేసినా ఆ మసక ఒక పట్టాన పోదు. లప్పం పెట్టిన చోటంతా ఒక చేయి ప్రైమర్ వేస్తే ఈ గొడవే ఉండదు. పూతకు బ్రష్షు వాడకండి, గోడకు మొదట రోలరుతో వేసి ఉంటే టచప్‌కు కూడా 4 అంగుళాల చిన్న రోలరే వాడాలి. రోలరు మిగిల్చే నారింజ తొక్కలాంటి గరుకు మధ్యలో బ్రష్షు గీతలు వేరుగా కనిపిస్తాయి.

పని అయిందో లేదో చూసుకోవడానికి టార్చిలైటు చాలు. గది చీకటి చేసి టార్చిని గోడకు దాదాపు ఆనించి, వెలుగు గోడ వెంబడి పాకేలా పట్టండి. లప్పం గుంతలు, గట్లు, రోలరు అంచులు అన్నీ నీడలు వేసుకుని నిలబడతాయి. సాయంత్రం ఏటవాలు ఎండ కిటికీలోంచి పడినప్పుడు కొనేవాళ్లకు కనిపించేది సరిగ్గా ఇదే.

మా లెక్క ఇది: ఒక గోడ మీద నాలుగైదు మచ్చల కన్నా ఎక్కువ ఉంటే టచప్ మానేసి ఆ గోడంతా మూల నుంచి మూల వరకు వేసేయండి. మూల దగ్గర వెలుగు ఎలాగూ మారుతుంది కాబట్టి, పక్క గోడతో చిన్నపాటి రంగు తేడా ఉన్నా కంటికి దొరకదు. గోడ మధ్యలో ఆగిన పెయింటును మాత్రం ఏ వెలుగూ దాచదు.

మరక కనిపించకుండా చేసే ప్రైమర్, ‘వాటర్‌ప్రూఫ్’ పెయింటు

రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. షెల్లాక్ (లక్క) లేదా నూనె ఆధారిత స్టెయిన్ బ్లాక్ ప్రైమర్ నిజాయితీగల సరుకు. కప్పు మీద పాత నీటి మరక ఉంటే మామూలు ఎమల్షన్ మూడు చేతులు వేసినా పసుపు మళ్లీ పైకి తేలుతుంది, మరకలోని పదార్థం ఎమల్షన్‌లోని నీటికి కరిగి పైకి వస్తుంది కాబట్టి. ఈ ప్రైమర్ ఒక చేయి వేసి, పైన మామూలు పెయింటు వేస్తే ఆగిపోతుంది. అయితే అంతకుముందే లీకు బాగుచేసి, గోడ ఆరి ఉండాలి.

చెమ్మ ఇంకా వస్తున్న గోడకు లోపలి వైపున ‘వాటర్‌ప్రూఫ్’ పూత రాయడం మాత్రం దండగ. అది మోసం కూడా. నీరు గోడలోని లవణాలను వెంట తెచ్చుకుంటుంది, పైకొచ్చి ఆరిపోతూ వాటిని తెల్ల పొడిలా వదిలేస్తుంది. ఆ ఉప్పు పూత అడుగున పేరుకుని పెయింటును పొరలు పొరలుగా లేపేస్తుంది. కొద్ది వారాల్లోనే బుడగలు వస్తాయి, బేరం మధ్యలో వచ్చాయంటే మీరు చెప్పే మిగతా మాటలన్నిటి మీదా నమ్మకం పోతుంది. నీరు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి: పగిలిన పైపు, బాత్రూము టైల్స్ సందు, బాల్కనీ వాలు, కప్పు మీద నిలిచే వాన నీరు. బాగుచేయించి, ఎవరు చేశారో ఆ బిల్లు దగ్గర పెట్టుకుని చూపించండి. బాగుచేసిన లోపం బేరాన్ని అంతగా తగ్గించదు, దాచిన లోపం బేరాన్నే చెడగొడుతుంది.

మెలమైన్ స్పాంజి

తెల్లటి ‘మ్యాజిక్’ స్పాంజి అని అమ్మేది ఇదే. నిజానికి ఇది చాలా సన్నని గరుకు కాగితంలా పనిచేస్తుంది. తలుపు చట్రం మీద నల్ల చారలు, స్విచ్చిబోర్డు చుట్టూ వేలి జిడ్డు, గోడ అడుగున ఉండే బేస్‌బోర్డు మీద చెప్పుల గీతలు, వీటికి దీనికి మించింది లేదు. నీళ్లలో ముంచి పిండి, ఒత్తిడి లేకుండా రెండు మూడుసార్లు తుడవాలి. గట్టిగా రుద్దారో, మ్యాట్ గోడ మీద మెరిసే మచ్చ, మెరిసే చెక్క మీద మసక మచ్చ మిగులుతాయి. వాటిని తీయడానికి ఇక దారి లేదు. ముందు తలుపు వెనుక ఒక మూల పరీక్షించండి. గ్రానైటు, పాలిష్ చేసిన పాలరాయి, క్రోమ్ కుళాయిలు, కారు పెయింటులాంటి మెరుపున్న క్యాబినెట్ తలుపుల మీదికి దీన్ని అసలు రానివ్వకండి.

సిలికాన్ సీలెంటు

బాత్రూములో అందరి చూపూ పడేది టైల్స్ మీద కాదు. కమోడు అడుగున, వాష్‌బేసిన్ అంచున, షవర్ మూలలో ఉండే ఆ సన్నని గీత మీద. నల్ల బూజు పట్టిన సిలికాన్ గీత ఉంటే మిగతా బాత్రూమంతా ఎంత మెరిసినా పాతదిగానే కనిపిస్తుంది. చిన్న ట్యూబుతో పోయే లోపం కాబట్టి దీనికి మా దగ్గర ఎక్కువ మార్కులే. కానీ చేసే పద్ధతి తప్పితే కొత్త గీత పాతదానికన్నా అసహ్యంగా తయారవుతుంది.

మొదటి విషయం, పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అంటుకోదు. పైపైన రాస్తే కొన్నాళ్లకు పొరలా లేచి వస్తుంది. పాతదాన్ని చాకుతో రెండు వైపులా కోసి పూర్తిగా పీకేయాలి. మిగిలిన సన్నని పొరను సిలికాన్ రిమూవర్‌తో మెత్తబరిచి గీరాలి. ఆ తర్వాత బూజు పోయేలా కడిగి, ఒక రోజు ఆరనిచ్చి, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. సందులో తేమ ఉంటే ఎంత ఖరీదైన ట్యూబైనా పట్టుకోదు.

రెండోది, ట్యూబులో రెండు జాతులున్నాయి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చేది అసిటాక్సీ రకం. ఇది గాజుకూ గ్లేజ్డ్ టైల్స్‌కూ బాగానే ఉంటుంది. పాలరాయికి, సున్నపురాయికి మాత్రం వాడకూడదు, వెలువడే ఆమ్లం రాయి అంచును తినేస్తుంది, రాగి, ఇత్తడి భాగాలను కూడా మసకబారుస్తుంది. రాయి ఉన్నచోట రెండో రకం, ఆరేటప్పుడు ఆ ఆమ్లం వదలనిది, అంటే ‘న్యూట్రల్ క్యూర్’ అని రాసి ఉన్నదే కొనాలి. మార్బుల్ ప్లాట్‌ఫామున్న ఇళ్లలో పనివాళ్లు చేతికి దొరికిన ట్యూబు వాడేసి రాయి అంచున చెరగని మచ్చ చేస్తారు, కాబట్టి ట్యూబు మీరే కొని ఇవ్వండి.

మూడోది గీత వేసే తీరు. సందుకు రెండు వైపులా మాస్కింగ్ టేపు వేయండి, మధ్యలో 5 నుంచి 6 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. ట్యూబు ముక్కును 45 డిగ్రీల వాలుగా కోయండి, రంధ్రం సందు వెడల్పుకన్నా పెద్దది కాకూడదు. ఒకే వేగంతో, ఆగకుండా గన్ నొక్కుతూ లాగండి. ఆగిన ప్రతిచోటా ముడి పడుతుంది. చివరిదాకా వెళ్లాక సబ్బు నీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి, అవును ఒకే ఒక్కసారి, నున్నగా లాగి వెంటనే టేపు పీకేయండి. సిలికాన్ పైన చర్మం కట్టాక టేపు తీస్తే అంచు చిరిగి పళ్లు పళ్లుగా మిగులుతుంది. బాత్‌టబ్ ఉంటే దాన్ని నీళ్లతో నింపి ఉంచి, ఆ బరువు మీదే సీలు వేయాలి. ఖాళీ టబ్‌కు వేస్తే తర్వాత నీళ్ల బరువుకు టబ్ దిగి గీత చీలుతుంది.

ఆరడానికి రోజుకు 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు లెక్క వేసుకోండి, గాలిలో తేమ తక్కువైతే ఇంకా నెమ్మది. అంటే ఇల్లు చూపించే రోజుకు కనీసం మూడు రోజుల ముందే ఈ పని అయిపోవాలి. వెనిగర్ వాసన కూడా అప్పటికి తగ్గుతుంది. సిలికాన్ మీద పెయింటు నిలవదు, కాబట్టి పెయింటు పనంతా అయ్యాకే సీలు.

గ్రౌట్ పెన్ను, టైల్స్ క్లీనర్లు

గ్రౌట్ పెన్ను తాత్కాలిక సరుకు. శుభ్రమైన, పొడిగా ఉన్న సందుల మీద, నేల అంచుల్లో, అడుగు తగలని గోడ టైల్స్ మీద ఫరవాలేదు. జిడ్డు మీద రాస్తే మొదటి కడుగుడుకే పోతుంది. సందుల్లో గ్రౌట్ రాలిపోయి గుంతలు పడితే పెన్ను పనికిరాదు, పాత గ్రౌట్‌ను గీరి కొత్తది పెట్టాలి.

పెన్ను కొనే ముందు ఒకసారి ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్‌కార్బొనేట్ పొడి, వేడినీళ్లలో కలిపి సందుల మీద 15 నుంచి 20 నిమిషాలు ఉంచి నైలాన్ బ్రష్షుతో తోమి చూడండి. చాలాసార్లు పెన్ను అవసరమే రాదు. ఇనుప బ్రష్షు వద్దు, అది గ్రౌట్‌ను గీరేస్తుంది. కుళాయిల మీద, షవర్ గాజు మీద ఉప్పునీటి మచ్చలకు 5 శాతం సిట్రిక్ యాసిడ్ నీళ్లు చాలు, అంటే లీటరు నీళ్లకు 50 గ్రాముల పొడి. గుడ్డను తడిపి మచ్చ మీద పది నిమిషాలు కప్పి ఉంచి కడిగేయండి. పాలరాయి మీద ఒక్క చుక్క కూడా పడనివ్వకండి.

ఇంకొక మాట, దీన్ని గట్టిగా చెప్పాలి. క్లోరిన్ బ్లీచ్‌ను యాసిడ్ క్లీనర్‌తో గానీ, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్‌తో గానీ ఎప్పుడూ కలపకండి, ఒకటి వాడిన చోట బాగా కడగకుండా రెండోది వాడకండి. మొదటి జతలో క్లోరిన్ వాయువు, రెండోదానిలో క్లోరమిన్ పుడతాయి. కిటికీ లేని బాత్రూములో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. రేపు చూపించాలన్న తొందరలోనే ఇలాంటి పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి.

రూమ్ ఫ్రెషనర్లు, ఓజోన్ మెషిన్లు, వాసన సంగతి

ఉండేవాళ్ల ముక్కుకు తమ ఇంటి వాసన తెలియదు, ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. బయటినుంచి వచ్చినవాళ్లకు గుమ్మంలోనే తెలుస్తుంది. ఘాటైన ఫ్రెషనర్ కొడితే వచ్చినవాళ్లకు కలిగే మొదటి ఆలోచన ‘ఇది దేన్ని దాస్తోంది?’ అని. ఇక్కడ మా తీర్పులో సందేహం లేదు: చూపించే రోజున ఫ్రెషనర్ వాడొద్దు. ఓజోన్ జనరేటర్లు ఇంకా దండగ. ఆరోగ్యానికి హాని లేని మోతాదులో ఓజోన్ ఇంట్లోని వాసనలను, కాలుష్యాన్ని తొలగించడంలో పెద్దగా పనిచేయదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ స్పష్టంగా చెబుతుంది. పనిచేసేంత మోతాదు ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, రబ్బరు సీళ్లను కూడా పెళుసుబారుస్తుంది.

వాసన ఎక్కడ పుడుతోందో వెతకాలి. ఖాళీగా ఉన్న ఇంట్లో మురుగు కంపు వస్తుంటే చాలాసార్లు కారణం చిన్నది: నేల జాలీల కింద, బేసిన్ల కింద ఉండే ట్రాపుల్లో నీరు ఎండిపోవడం. ఆ నీరే మురుగు వాయువును అడ్డుకునే మూత. వాడని ప్రతి జాలీలో ఒక మగ్గు నీళ్లు పోసి, ఫ్లష్ ఒకసారి లాగితే చాలు. ఇల్లు వారాల తరబడి మూసి ఉంటే నీళ్ల పైన రెండు చెంచాల వంటనూనె పోయండి, ఆవిరి కావడం నెమ్మదిస్తుంది.

వంటింటి చిమ్నీ ఫిల్టరును వేడినీళ్లలో, గిన్నెలు తోమే లిక్విడుతో 30 నిమిషాలు నానబెట్టండి. స్టీలు ఫిల్టరైతే వాషింగ్ సోడా కూడా కలపొచ్చు, అల్యూమినియమైతే సోడాకు నల్లబడుతుంది. కర్టెన్లు పొగను పట్టుకుంటాయి, ఉతకడమే మందు. కుక్క, పిల్లి మూత్రం వాసనకు ఎంజైమ్ క్లీనర్ మంచి సరుకే, ఒక షరతు మీద: మరక ఎంత లోతుకు దిగిందో క్లీనరూ అంత లోతుకు దిగాలి, చెప్పినంతసేపు తడిగా ఉండాలి. పైన చిలకరించి ఐదు నిమిషాల్లో తుడిస్తే ఏమీ కాదు. ముందు బ్లీచ్ వాడి ఉంటే నీళ్లతో బాగా కడిగాకే ఇది పోయాలి, లేకపోతే ఎంజైములు చచ్చుబడతాయి.

డీప్ క్లీనింగ్ సర్వీసు

డబ్బు పెట్టదగ్గ సర్వీసు, రాతపూర్వకంగా పని జాబితా ఇస్తేనే. అందులో కిటికీ ట్రాకులు, ఫ్యాను రెక్కల పైభాగం, అల్మారాల లోపలి భాగం, చిమ్నీ ఫిల్టరు, బాల్కనీ గ్రిల్లు ఉన్నాయో లేదో చూడండి. ఎక్కువగా వదిలేసేవి ఇవే, కొనేవాళ్లు తప్పకుండా చూసేవీ ఇవే. కిటికీ ట్రాకులను ముందు పొడిగా బ్రష్షుతో, వాక్యూముతో తీసి, తర్వాతే తడపాలి. నేరుగా నీళ్లు కొడితే దుమ్మంతా బురదై మూలల్లో కూరుకుంటుంది. రాతి నేలకు న్యూట్రల్ పీహెచ్ (ఆమ్లమూ క్షారమూ కాని) క్లీనరే వాడాలని ముందే చెప్పండి. లామినేట్ నేల మీద నీళ్లు కారే మాప్ పెడితే అతుకులు ఉబ్బుతాయి. గాజు మీది పెయింటు చుక్కల్ని బ్లేడుతో గీరనివ్వకండి, టఫెన్డ్ గాజు మీద సన్నని గీతలు పడి ఎండలో మెరుస్తాయి. గాజును నేరుగా ఎండ పడేటప్పుడు తుడవకూడదు, నీళ్లు ముందే ఆరిపోయి చారలు కడతాయి. పని చూసుకునేది పగటి వెలుగులో, మిగతా డబ్బు ఆ తర్వాతే.

వరస తప్పకూడదు: మరమ్మతులు, పెయింటు, సిలికాన్, క్లీనింగు, చివర్లో ఫొటోలు.

హోమ్ స్టేజింగ్ సర్వీసు, వర్చువల్ స్టేజింగ్

అమ్మే ఇంటిని నాటకం రంగస్థలంలా సర్దిపెట్టే ఈ పద్ధతికి ఆద్యురాలిగా సియాటెల్ రియల్ ఎస్టేట్ ఏజెంటు బార్బ్ ష్వార్ట్జ్‌ను చెబుతారు, 1970ల్లో. మీరు ఉంటున్న ఇంటికి సామాన్లతో సహా పూర్తి ప్యాకేజీ అక్కర్లేదు, ఒక పూట వచ్చి ఏది తీసేయాలో, ఏది ఎటు జరపాలో చెప్పే సలహా సర్వీసు చాలు. వాళ్లు చెప్పేవాటిలో ఎక్కువ ఫలితమిచ్చేది తీసేయడమే. అల్మారాలు కిక్కిరిసి ఉంటే ‘ఈ ఇంట్లో సామాను పట్టదు’ అనిపిస్తుంది, మూడో వంతు ఖాళీ చేయండి. నడిచే దారి ఎక్కడా 75 సెంటీమీటర్ల కన్నా ఇరుకు కాకూడదు.

ఖాళీ ఇంటికి మాత్రం హాలు, పెద్ద పడగ్గది వరకైనా సామాను అద్దెకు తెప్పించడం మంచిదే. ఖాళీ గదిలో మంచం పడుతుందో లేదో చాలామంది ఊహించలేరు. సోఫా ముందు కాళ్లు తివాచీ మీద ఉండాలి. పోస్టుకార్డంత తివాచీ మధ్యలో పడేస్తే గది ఇంకా చిన్నదైపోతుంది. కర్టెన్ రాడ్డును కిటికీ చట్రానికి 10 నుంచి 15 సెంటీమీటర్లు పైన బిగిస్తే కప్పు ఎత్తుగా అనిపిస్తుంది. ఒప్పందంలో కనీస గడువెంత, పొడిగిస్తే అద్దెంత, నేల గీసుకుపోతే బాధ్యత ఎవరిది, ఈ మూడూ రాసి ఉండాలి. కాళ్ల కింద ఫెల్ట్ ప్యాడ్లు లేని సామానును ఇంట్లోకి దింపనివ్వకండి.

వర్చువల్ స్టేజింగ్, అంటే ఫొటోలో మాత్రమే సోఫా పెట్టడం, చవక. ఫొటో మీద ఆ సంగతి రాసి, పక్కనే ఖాళీ గది అసలు ఫొటో ఇస్తే ఇబ్బంది లేదు. గోడ పగుళ్లు చెరిపేసి, కిటికీలోంచి లేని చెట్లు చూపించే ఫొటోలు మాత్రం వచ్చినవాళ్లను గుమ్మంలోనే నిరాశపరుస్తాయి. అలాంటి పని చేసేవాళ్లకు డబ్బివ్వకండి.

తలుపు బందులకు నూనె

చివరగా అన్నిటికన్నా చిన్న సరుకు. కిర్రుమనే తలుపుకు అందరూ కొట్టేది డబ్ల్యూడీ-40. ఆ పేరుకు అర్థం ‘నీటిని తోసేసే 40వ మిశ్రమం’. తుప్పు వదలగొట్టడంలో, తేమ తీయడంలో దిట్ట, కానీ బందులో ఎక్కువకాలం నిలవదు, కొన్ని వారాల్లో కిర్రు తిరిగొస్తుంది. పిన్నును పైకి కొట్టి బయటికి లాగి, పాత జిడ్డు, తుప్పు తుడిచి, పలుచగా లిథియం గ్రీజు పూసి మళ్లీ దించితే ఏళ్ల తరబడి చప్పుడు చేయదు. ఒక్కో తలుపుకు పది నిమిషాలు. పిన్నులన్నీ ఒకేసారి పీకకండి, ఒకటి పెట్టాకే రెండోది తీయండి, లేకపోతే తలుపు మీద పడుతుంది.